అశుభానికి బీమా

నా పెళ్ళి కుదిరిన రోజు నుంచీ మా ఇంట్లో కొన్ని మాటలు నిషేధం. రద్దు అనకూడదు. వాయిదా అనకూడదు. అన్నింటికన్నా ముఖ్యంగా 'ఒకవేళ' అనకూడదు. నెత్తి మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, మనం ఏదంటే దానికి సరేననేసి పోతారనీ మా అమ్మ రత్నమాలకి గట్టి నమ్మకం. నా కర్మేమిటంటే, నా ఉద్యోగమే ఒకవేళతో మొదలవుతుంది. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాం ముందేసుకుని, ఒకవేళ మధ్యలో నెట్ పోతే, ఒకవేళ వాడు ఒకే బటన్ రెండుసార్లు నొక్కితే అంటూ రోజంతా దాన్ని చెడగొట్టి చూడడమే నా పని. అక్కడ ఆ మాటకి జీతమిస్తారు. ఇంటికొచ్చి అదే మాటంటే నోరు కడుక్కోమంటారు. మనిషి రెండు నోళ్ళతో ఎలా బతుకుతుంది చెప్పండి.

మా నాన్న పట్టాభిరామయ్యది ఇంకో తరహా. తణుకు సబ్ ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఇతరుల బిల్లుల మీద అభ్యంతరాలు రాసి వెనక్కి పంపిన మనిషి. ఒక్క సంతకం తక్కువైతే కలెక్టరుగారి బిల్లైనా సరే కదిలేది కాదని చెప్పుకుని మురిసిపోతారు. అలాంటి మనిషి సొంత కూతురి పెళ్ళి దగ్గరికొచ్చేసరికి, రసీదు లేకుండా తాంబూలంలో డబ్బు పెట్టి ఇచ్చేస్తానన్నారు. శుభకార్యానికి రసీదులేమిటన్నారు. నాకు ఒళ్ళు మండింది.

మొదటి గొడవ అక్కడే, ఖాజాగూడ గుట్టల పక్కనున్న ఫంక్షన్ హాల్లో. మేనేజరు మునిస్వామి ఎదురుగా కూర్చున్నాడు. నాన్న పళ్ళెంలో తమలపాకులు, అరటిపళ్ళు, పైన అడ్వాన్సు నోట్లు పెట్టి రెండు చేతులతో అందించబోయారు. నేను పళ్ళేన్ని మధ్యలోనే పట్టుకుని, కార్డు తీసుకుంటారా అని అడిగాను. తీసుకుంటాం గానీ రెండు శాతం ఎక్కువవుతుందన్నాడు మునిస్వామి. ఊరికే రెండు శాతం బ్యాంకుకెందుకమ్మా అన్నారు నాన్న. ఎందుకో అక్కడే, మునిస్వామి ముందే చెప్పేశాను. మా ఆఫీసులో నవనీత అని ఉంది. పోయిన ఏడాది దాని పెళ్ళిలో వంటల కాంట్రాక్టరు, పందిరి అలంకరణ చేసేవాడు, ఇద్దరూ ఎగ్గొట్టారు. వంటలవాడికి చేతికి నోట్లిచ్చారు, అవి పోయాయి. అలంకరణవాడికి మాత్రం క్రెడిట్ కార్డు మీద కట్టింది. డబ్బు తీసుకుని పని చెయ్యలేదని బ్యాంకుకి ఫిర్యాదు పెడితే, వాళ్ళు విచారించి మొత్తం వెనక్కి వేశారు. రెండు శాతం దానికన్నమాట.

నాన్న నోట్లు తీసి జేబులో పెట్టుకుని, ఆకులూ పళ్ళూ ఉన్న పళ్ళెం మాత్రం మునిస్వామికి ఇచ్చారు. కారెక్కాక, పెళ్ళి నేను చేస్తున్నానా, నీ కార్డు చేస్తోందా అన్నారు కిటికీలోంచి చూస్తూ. ఆ మాట నాకు బాగానే తగిలింది. అయినా తగ్గలేదు. ఆయనా తగ్గలేదు. కార్డు బిల్లు వచ్చిన ప్రతిసారీ తన రిటైర్‌మెంటు డబ్బులోంచి పైసలతో సహా నా ఖాతాలో వేసేవారు. గీకేది నేను, కట్టేది ఆయన. ఆయన దగ్గరున్నదంతా అలా హాలుకీ, వంటలకీ, పూలకీ వెళ్ళిపోతోందని నాకు తెలుసు. తెలిసే ఇంకో అడుగు ముందుకేశాను.

మనుషులు ఎగ్గొడితే కార్డు కాపాడుతుంది. సరే. ఎవరూ ఎగ్గొట్టకుండానే పెళ్ళి ఆగిపోతే? వరద రావచ్చు, అగ్గి అంటుకోవచ్చు, ఎవరికైనా జబ్బు చెయ్యచ్చు. హాలువాడి తప్పేం లేదు కాబట్టి బ్యాంకు పైసా ఇప్పించదు. దానికి పెళ్ళి బీమా అని ఒకటుందని తెలిసి ఒక కంపెనీకి ఫోన్ చేశాను. ఆదివారం మధ్యాహ్నం, అన్నం తింటూ, చెయ్యి ఎంగిలి కదాని స్పీకర్లో పెట్టాను. అదీ నేను చేసిన ఘనకార్యం. ఆ అమ్మాయి తేనెలాంటి గొంతుతో, పెళ్ళికి ముందు వధూవరులు గానీ వాళ్ళ తల్లిదండ్రులు గానీ మరణించినా, ఆసుపత్రి పాలైనా అని మొదలుపెట్టింది. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న ఎడమచేత్తో నా ఫోను తీసుకుని కట్ చేసి, బోర్లా పెట్టారు.

"శుభమా అని పెళ్ళి చేసుకుంటూ, నేను పోతే ఎంతొస్తుందని లెక్కేస్తున్నావా?" అన్నారు.

ఆ పూట ఎవరం సరిగ్గా తినలేదు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, నా తరఫున లెంపలు కూడా తనే వేసుకుంది. మర్నాడు ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని, ఎవడడ్డొస్తాడో చూద్దామన్న కసితో ఆ పాలసీ తీసుకునేశాను. కంపెనీ వెబ్‌సైట్ తల్లిదండ్రుల పేర్లు అడిగింది. పట్టాభిరామయ్య అని కొట్టాను. ఈ వ్యక్తికి గుండె జబ్బు ఉందా అంది. లేదు అని నొక్కాను. అప్పటికి లేదు కూడా. పెళ్ళికొడుకు హేమంత్‌కి ఒక్కడికే చెప్పాను. పెళ్ళయ్యాక మావయ్యగారికి చెబుదాంలే, అందరం నవ్వుకోవచ్చు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఏమీ జరక్కపోతే ఎవరికీ తెలియక్కర్లేదు, జరిగితే అప్పుడు చెప్పుకోవచ్చు. ఎంత తెలివో.

పెళ్ళికి ఐదు రోజుల ముందు నన్ను పెళ్ళికూతుర్ని చేశారు. పెళ్ళికూతుర్ని చేశాక పొలిమేర దాటకూడదు. కొత్తగూడలో పొలిమేర ఎక్కడుంటుందని అడిగాను. అమ్మ బాల్కనీలోకి వెళ్ళి నాలుగు పక్కలా చూసి, అదిగో ఆ ఫ్లైఓవర్ అంది. దాని అవతలకి నా అడుగు పడకూడదు. మరి హాలు కూడా దాని అవతలే కదమ్మా అంటే, పెళ్ళికి మేళతాళాలతో వెళ్తాం, అది లెక్కలోకి రాదు అంది. మా అమ్మ చట్టాలకి సవరణలు కూడా ఆవిడే చేసుకుంటుంది.

ఆ ఫ్లాట్లో నేను కాలు గాలిన పిల్లిలా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే బాల్కనీలోకి వెళ్ళి ఆ ఫ్లైఓవర్ మీద కదలని కార్లని చూడాలనిపించేది. పూలవాడు ఫోనెత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, వాడు ఊరు వదిలి పారిపోయాడని తేల్చేసుకునేదాన్ని. మునిస్వామికి ఏదో వంకన రోజూ ఫోన్ చేసేదాన్ని. జనరేటర్ ఉందా, చెప్పులు పెట్టుకునే చోటుందా అని. అసలు సంగతి, హాలు ఇంకా ఉందా లేదా అని. చివరికి అతనే, హాలు ఎక్కడికీ పోదు మేడం, మీరు కాస్త పడుకోండి అన్నాడు.

ఇన్ని చూశాను కదా, నాన్నని చూశానా? చూశాను. అదే నా బాధ. సోఫాలో వెనక్కి వాలకుండా కూర్చుంటున్నారు. మాటిమాటికీ ఎడమ భుజం రుద్దుకుంటున్నారు. డాబా మీద పందిరి ఎలా వేశారో చూద్దాం రండి అంటే, నువ్వు చూశావుగా అని తప్పించుకున్నారు. ఏమిటి నాన్నా అనడిగితే గ్యాసమ్మా అన్నారు. కూతురి పెళ్ళి గాభరా ఏ తండ్రికి ఉండదు అనుకుని, ఒక సోడా తెప్పించిచ్చి నా ఫోన్ దగ్గరికి నేను వెళ్ళిపోయాను. మిగతావాళ్ళందరి మీదా నాకు అనుమానమే, ఆయన ఒక్కరు చెప్పింది మాత్రం వెంటనే నమ్మాను.

పెళ్ళి ఎల్లుండి అనగా, పొద్దున్నే లిఫ్టు పాడైంది. మామిడాకులు వచ్చాయంటే తీసుకురావడానికి నాన్న మెట్ల మీంచి కిందికి వెళ్ళారు. కాసేపటికి మా వాచ్‌మన్ కిష్టయ్య రొప్పుతూ పైకొచ్చి తలుపు కొట్టాడు. మామిడాకుల కట్ట అతని చేతిలో ఉంది.

"అమ్మా, సార్ మెట్ల మీద కూసున్నడు. చెమటలు కారుతున్నయి. మీకు చెప్పొద్దన్నడు గనీ, నాకు పరేషానైతుంది. జర జల్దీ రాండ్రి" అన్నాడు.

పారాణి పాదాలతో, చెప్పుల్లేకుండా పరుగెత్తాను. మొదటి అంతస్తు మలుపులో గోడకి ఆనుకుని కూర్చున్నారు నాన్న. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, నవ్వారు. అమ్మ నా వెనకాలే వచ్చి ఆయన పక్కన కూలబడి, కొంగుతో ముఖం తుడవడం మొదలుపెట్టింది. కిష్టయ్య ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆసుపత్రికి పదండి అన్నాను. రానన్నారు.

"నాలుగు రోజులు ఓపిక పట్టమ్మా. ఇప్పుడు వెళ్తే వాళ్ళు ఉంచేసుకుంటారు. పెళ్ళాగిపోతుంది. ఇచ్చిందంతా పోతుంది. మళ్ళీ చెయ్యడానికి నా దగ్గరేం లేదు" అన్నారు, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ.

"ఆగితే ఆగనివ్వండి నాన్నా. మన డబ్బు ఎక్కడికీ పోదు. బీమా చేయించాను."

"ఎప్పుడు?"

"మీరు ఫోన్ కట్ చేసిన మర్నాడే."

తిడతారనుకున్నాను. తిడితే బావుండేది.

"మూడు వారాల్నుంచి వస్తోందమ్మా ఈ నొప్పి. ఆ ముక్క ముందే చెప్పకపోయావా" అన్నారు.

లేవడానికి చెయ్యి అందించారు.

అమ్మ ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని ఆటో దాకా తీసుకొచ్చాం. ముందు నాన్న ఎక్కారు. నేను ఒక కాలు ఆటోలో పెట్టి ఆగిపోయాను. మంచి ఆసుపత్రి గచ్చిబౌలి వైపుంది. ఫ్లైఓవర్ దాటాలి. అమ్మ ముఖం చూశాను. ఆవిడ నా జబ్బ పట్టుకుని లోపలికి తోసి, తనూ ఎక్కి, ఫ్లైఓవర్ మీంచే పోనిమ్మని డ్రైవరుకి తనే చెప్పింది. ఆ తర్వాత దాని గురించి ఆవిడ ఒక్క మాట ఎత్తితే ఒట్టు.

పైకెక్కాం, ఎప్పటిలాగే కార్లు కదలడం లేదు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నాన్న తల నా భుజం మీదుంది. జబ్బు పాలసీ తీసుకున్నాక వచ్చినట్టే కదా, అభ్యంతరం పెట్టరు కదా అని గొణిగారు. ఇంకొక్కసారి ఆ పాలసీ మాటెత్తితే ఆటోలోంచి దూకేస్తానని అరిచాను. అరిచి, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చల్లగా ఉంది. అన్ని నెలలపాటు ఏది పోతుందోనని భయపడి చచ్చానే, ఆ పోయేదాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నానని అప్పుడు తెలిసింది. ఇది పోతే ఎవడు వెనక్కి వేస్తాడు?

డాక్టర్ ప్రవీణ అని, చిన్న వయసే. ఈసీజీ కాగితం చూసి, మాతో ఎక్కువ మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్ళిపోయింది. పసుపు చీరతో, బుగ్గన చుక్కతో నేను ఆ వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నన్ను చూసి తప్పుకుని నడిచారు. హేమంత్ వచ్చాడు. వాళ్ళ నాన్నగారు వచ్చి, ముందు మనిషి, తర్వాత ముహూర్తం అని అమ్మతో చెప్పి, తమ వైపు వాళ్ళందరికీ ఆయనే ఫోన్లు చేశారు. నేను ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. మునిస్వామి నంబరు కూడా గుర్తుకు రాలేదు. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చి, స్టెంటు వేశాం, ప్రాణానికి ఫరవాలేదు అంది. ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే అని ఏదో అనబోయింది. మా అమ్మ చేతులు జోడించింది. ఆ మాట ఆ అమ్మాయి పూర్తి చెయ్యలేదు.

పెళ్ళి వాయిదా పడింది. నిషేధించిన మాటే, ఇప్పుడు అందరం అంటున్నాం. రెండు నెలల తర్వాత మళ్ళీ ముహూర్తం కుదిరింది. మునిస్వామి హాలు తేదీ మార్చి ఇచ్చాడు. వంటలకీ పూలకీ అయిన నష్టానికి ఆసుపత్రి కాగితాలు పంపిస్తే, బీమా కంపెనీ వాళ్ళు సవాలక్ష ప్రశ్నలడిగి, కొంత కోసుకుని, తతిమ్మాది ఇస్తామన్నారు. ఇది విన్న నాన్న, కోత ఎందుకు పెట్టారో రాతపూర్వకంగా అడగమన్నారు. అప్పుడు నమ్మాను, మనిషి కోలుకుంటున్నారని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం, అదే బల్ల దగ్గర ఉప్పు లేని అన్నం తింటూ, ఆ బీమా అమ్మాయికి ఫోన్ చెయ్యి, కొత్త తేదీకి పాలసీ తీసుకోవాలి అన్నారు. నేను వద్దులెండి అన్నాను. చెయ్యమన్నాను కదా అన్నారు. చేసి ఆయన చేతికివ్వబోతే, స్పీకర్లో పెట్టు, చెయ్యి ఎంగిలి అన్నారు. అదే గొంతు. మరణించినా, ఆసుపత్రి పాలైనా అని అదే పాఠం. నాన్న మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నారు. వంటింటి గుమ్మంలోకి అమ్మ వచ్చి నిలబడింది. కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బుందా సార్ అని అడిగింది ఆ అమ్మాయి.

"ఉందమ్మా. నాకుంది. రాసుకో" అన్నారు నాన్న.

అటువైపు కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి ఇబ్బంది పడుతూ, అయితే సార్, మీ గుండెకి సంబంధించి ఏం జరిగినా ఈ పాలసీ వర్తించదండి, మిగతావాళ్ళందరికీ వర్తిస్తుంది అంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఫోన్ కట్ చెయ్యబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపి, సరేనమ్మా, అలాగే పంపించు అని చెప్పి, ఆ అమ్మాయే పెట్టేసేదాకా ఉన్నారు.

"నన్నొక్కణ్ణి వదిలేసి అందరికీ చేస్తారట" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ అన్నం ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఆయన ఎడమచేత్తో నా తల నిమిరి, ఈసారి నొప్పి వస్తే చెప్తానులే, వచ్చిన వెంటనే నీకే చెప్తాను అన్నారు. నేను నమ్మనన్నాను. గ్యాసంటారు, సోడా తాగుతారు, మెట్ల మీద కూర్చుంటారు, మీ సంగతి నాకు తెలీదా అన్నాను.

అమ్మ గుమ్మంలోంచి కదిలి వచ్చింది. గరిటె బల్ల మీద పెట్టి, ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒకవేళ," అంది మా అమ్మ, "ఒకవేళ పీటల మీద, అల్లుడి కాళ్ళు కడుగుతుంటే వస్తే?"

నాన్న ఆవిడ వైపు చూశారు. నేనూ చూశాను. ఆవిడ కళ్ళు దించలేదు.

"చెంబు కింద పెట్టేసి చెప్తాను" అన్నారు నాన్న.